లారీ కుదుపులు – మామిడికాయలు

విజయవాడ చెంతనున్న నున్న విపణి నుండి వేసవిలో మామిడికాయలు లారీలపై ఢిల్లీకి చేరును. ఆ ప్రయాణము 1,700 కిలోమీటర్లకు పైబడినది. పెట్టె విప్పినప్పుడు అడుగు కాయలు నలిగియుండుట వింత కాదు, వాటిపై బరువున్నది. మరి, ఏ బరువును లేని పైవరుస కాయలకు గాయము లెట్లు కలుగుచున్నవి?

కమాను పట్టీలపై లారీ సెకనుకు సుమారు 2 నుండి 4 సార్లు ఊగును. దానితోపాటు రోడ్డు గతుకుల వలన ఇంకను వేగముగల కంపనములు పుట్టును. కాయల దొంతరకును ఒక సహజ పౌనఃపున్యము గలదు. ఈ కంపనములలో ఏదైన దానితో సరిపడినచో అనునాదమేర్పడి, ఊపు పైవరుసకు చేరునప్పటికి హెచ్చును. పెట్టె దిగు త్వరణము గురుత్వ త్వరణమును మించినచో, పైకాయ దానితోపాటు దిగజాలదు. క్షణకాలము తేలి, పక్కకు తిరిగి, పెట్టె గోడను, పొరుగుకాయను ఒరసికొనును. ఇట్లు వేలసార్లు జరుగును.

తొక్కలోని కణములు చిట్లగా, వాటి ఫీనాలిక పదార్థములు ఎంజైముల సాయమున గాలిలోని ఆక్సిజనుతో కలిసి నల్లబడును. గాయపడిన కాయ ఎథిలీను వాయువును అధికముగా విడుచుటచే పక్కకాయలు కూడ త్వరగా పండును. చీలిన తొక్క బూజునకు దారి యిచ్చును. పంట బాగుగ పండినను రైతుకు ధర తగ్గును.

ఒక డబ్బాలో సగము వరకు గోలీలు పోసి ఊపి చూడుడు, గలగలలాడును. మిగిలిన చోట వరిగడ్డి బిగించి ఊపినచో చప్పుడు అణగును. పెట్టెలో గడ్డి కూరుట మెత్తదనమునకు మాత్రమే కాదు. కాయకు ఎగురుటకు చోటు లేకుండ చేయుటకు.