లెక్క తేలింది... చుక్కల మందొచ్చింది!

పసిపిల్లల్ని పీల్చిపిప్పిచేసే ఓ వైరస్‌ గుట్టు విప్పడానికి ఏడు నగరాల ఆసుపత్రులు చేతులు కలిపాయి. ఆ ఉమ్మడి లెక్కే మన టీకాల పట్టికను మార్చింది.

పసిబిడ్డకు వాంతులూ నీళ్ల విరేచనాలూ మొదలైతే ఇంట్లో తలో మాట అంటారు. ‘పళ్లొస్తున్నాయిలే’ అంటుంది నానమ్మ. ‘దిష్టి తగిలింది’ అంటుంది పక్కింటి పిన్ని. డాక్టరేమో ఓఆర్‌ఎస్‌ తాగించమంటారు, మరీ నీరసిస్తే సెలైన్‌ పెడతారు. బిడ్డ తేరుకుంటే చాలు, ఏ క్రిమి వల్ల వచ్చిందని ఎవరూ అడగరు. ఆ ఒక్క బిడ్డ వరకూ అది తెలియకపోయినా వైద్యం ఆగదు. కానీ దేశంలోని పిల్లలందరికీ టీకా వేయాలంటే మాత్రం తెలిసి తీరాలి!

అందరికీ ఒకే పరీక్ష

రోటావైరస్‌ను 1973లో ఆస్ట్రేలియాలో గుర్తించారు. శుభ్రత పాటించే సంపన్న దేశాల్లోనూ ఇది పిల్లల్ని వదలదు. మన దగ్గరా దీనిమీద పరిశోధనలు జరిగాయి. అయితే ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చడం కష్టమయ్యేది. దాంతో 2005లో ఏడు నగరాల్లోని పది ఆసుపత్రులు, నాలుగు ప్రయోగశాలలు ఒక నెట్‌వర్క్‌గా ఏర్పడ్డాయి. విరేచనాలతో చేరిన ఐదేళ్లలోపు పిల్లలందరికీ ఒకే తరహా పరీక్ష చేశాయి. రెండేళ్ల తర్వాత చూస్తే 39 శాతం మందిలో ఉన్నది రోటావైరసే!

ఇక దీన్ని పట్టించుకోకుండా ఉండటం ఎవరితరమూ కాదు.

ఢిల్లీ టు హైదరాబాద్‌

విరుగుడు కూడా ఆసుపత్రిలోనే దొరికింది. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో కొందరు నవజాత శిశువులకు రోటావైరస్‌ సోకినా జబ్బు చేయలేదు. పైగా ఆ తర్వాత కూడా వాళ్లకు తీవ్రమైన జబ్బు రావడం తక్కువే. డాక్టర్‌ ఎం.కె.భాన్‌ బృందం పట్టుకున్న ఆ రకాన్నే హైదరాబాద్‌లోని భారత్‌ బయోటెక్‌ ‘రోటావాక్‌’ టీకాగా మలిచింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 2011లో మొదలైన పరీక్షల్లో 6,799 మంది పసిపిల్లలు పాల్గొన్నారు. టీకా వేసినవాళ్లలో తీవ్రమైన రోటావైరస్‌ విరేచనాలు సగానికి పైగా తగ్గాయి. 2016 మార్చిలో ప్రభుత్వం దీన్ని నాలుగు రాష్ట్రాల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో ఆంధ్రప్రదేశ్‌ ఒకటి.

వేశాక కూడా నిఘా!

కథ అక్కడితో అయిపోలేదు. 1999లో అమెరికా ఓ రోటావైరస్‌ టీకాను వెనక్కి తీసుకుంది. కారణం... అది వేసిన కొందరు పిల్లల్లో పేగులోకి పేగు చొచ్చుకుపోవడం. ఇలాంటి అరుదైన సమస్య వేలమందిని పరీక్షించినా బయటపడకపోవచ్చు. అందుకే మనదేశంలో 27 ఆసుపత్రులు కలిసి అలాంటి కేసుల్ని నమోదు చేశాయి. టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్లు కనిపించలేదని 2020లో వెల్లడించాయి.

మరి జబ్బు తగ్గిందా? విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో రోటావైరస్‌ ఉన్నవాళ్లు టీకాకు ముందు 40 శాతం. 2019-20 నాటికి అది 20 శాతానికి దిగిందని తొమ్మిది రాష్ట్రాల ఆసుపత్రుల సమాచారంతో 2025లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. ముందు తూచి ఉండకపోతే, తగ్గిన బరువెంతో ఎలా తెలుస్తుంది! టీకా వచ్చేసిందని తక్కెడ పక్కన పడేస్తే రేపు వైరస్‌ రూపు మార్చుకున్నా మనకు తెలియదు. ఒక్క ఆసుపత్రి చేయలేని ఈ పనికి, ప్రయోగశాలలకూ సిబ్బందికీ ఏటా నిధులు అందుతూనే ఉండాలి.

అమ్మలకో మాట

* నోట్లో వేసే ఈ టీకాను 6, 10, 14 వారాల వయసులో ఇస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.
* టీకా వేసినా విరేచనాలు రావచ్చు. వేరే క్రిములూ కారణం కావచ్చు. అప్పుడు ఓఆర్‌ఎస్‌, డాక్టరు చెప్పిన జింకు తప్పనిసరి. తల్లిపాలు ఆపకూడదు.
* బిడ్డ మత్తుగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.