టోకైడో: పాలకుల రహదారి, బాటసారుల చిత్రాలు

జపాన్‌లో షోగున్ల పాలనా కేంద్రమైన ఎడో, అంటే నేటి టోక్యో నగరాన్ని, నాడు చక్రవర్తి నివసించిన క్యోటోతో కలిపిన రహదారి టోకైడో. సుమారు 500 కిలోమీటర్ల ఆ దారిలో 53 మజిలీలు ఉండేవి. చిత్రకారుడు ఉటగావా హిరోషిగే 1833-34 ప్రాంతంలో వాటిని చెక్క అచ్చు చిత్రాలుగా వెలువరించారు. ఆది, అంత్య స్థానాలతో కలిపి అవి మొత్తం 55.

ఆ దారిపై ప్రభుత్వ నిఘా కట్టుదిట్టంగా ఉండేది. సామాన్యుల ప్రయాణానికి అనుమతి పత్రం అవసరం. ప్రాంతీయ ప్రభువుల భార్యలను షోగున్లు ఎడోలోనే ఉంచేవారు. వారు తప్పించుకుపోకుండా హకోనే తనిఖీ కేంద్రంలో మహిళలను నిశితంగా పరిశీలించేవారు. ఓయి నదిపై వంతెన లేదు. ప్రయాణికులను కూలీలే భుజాలపై మోసి దాటించేవారు.

హిరోషిగే చిత్రాల్లో కనిపించేది ఎక్కువగా ఈ బాటసారులు, కూలీలే. షోనో చిత్రంలో జడివానలో బోయీలు పల్లకీతో వాలు ఎక్కుతుంటారు. కంబరా చిత్రంలో ముగ్గురు మంచులో నడుస్తుంటారు. నిజానికి కంబరాలో మంచు కురవడం అరుదు. చూసిన దృశ్యానికి చిత్రకారుడు తన ఊహనూ జోడించారన్నమాట.

ఈ చిత్రాలు ఒక్కరి సృష్టి కావు. హిరోషిగే గీసిన బొమ్మను శిల్పులు చెర్రీ కలపపై చెక్కేవారు. రంగురంగుకూ వేరే దిమ్మె. ముద్రాకారులు కాగితాన్ని దిమ్మెపై పరచి, చేత్తో రుద్ది రంగు పట్టించేవారు. పెట్టుబడి ప్రచురణకర్తది. అవే దిమ్మెలతో వేల ప్రతులు తీయగలగడంతో ధర సామాన్యులకు అందుబాటులో ఉండేది.

ప్రయాణానికి అనుమతి దొరకని వారి ఇంటికి సైతం ఆ రహదారి అలా చేరింది.