నీటి యంచున నిలిచిన గుడులు

పట్టణము పెరిగినకొలది వీధికి వెడల్పు కావలెను, ఇంటింటికి నీరు, విద్యుత్తు కావలెను. వీనికి పాత దేవాలయ మడ్డమైనచో, దానిని వేరొకచోట తిరిగి కట్టిన సరిపోవును గదా యని పలువురు తలంతురు. ఈ ప్రశ్నకు శ్రీశైల జలాశయము చక్కని సమాధానము చెప్పుచున్నది.

1960లో ఆరంభమైన శ్రీశైలము ఆనకట్ట పని 1981 నాటికి ముగిసినది. జలాశయపు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. ఆ నీరు వెనుకకు వ్యాపించి, కృష్ణా తుంగభద్రల తీరములందలి పల్లెలతోపాటు ప్రాచీనాలయములను పెక్కింటిని ముంపునకు లోను చేసినది.

ఆ రెండు నదులు కలియు కూడవెల్లికడ చాళుక్యులనాటి సంగమేశ్వరాలయ ముండెడిది. దానిని విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి. పాపనాశి గుడులును అట్లే తరలినవి. ఇట్టి పనియందు ముందుగా ఛాయాచిత్రములు, కొలతపటములు సిద్ధపరతురు. ప్రతి రాతికి ఒక సంఖ్య వ్రాయుదురు. శిఖరమునుండి క్రిందికి విప్పి, క్రొత్త పునాదిపై ఆ సంఖ్యల వరుసనే పేర్చుదురు. శిల్పము దక్కినది, సంగమము మాత్రము వెంట రాలేదు.

నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరము గతి వేరు. అచటి గుడి వర్షకాలమున నీట మునుగును. వేసవిలో నీరు తగ్గగనే బయటపడును. అప్పుడు అర్చకులు వేపదారు లింగమునకు పూజలు సల్పుదురు. అచట స్థలము నిలిచినది. కట్టడము ఏటేట నానుచున్నది.

మూడవ మార్గమును అలంపురపు నవబ్రహ్మాలయములు చూపుచున్నవి. నీరు చొరకుండ కట్ట కట్టుటచే, అవి పుట్టినచోటనే నిలిచినవి. అభివృద్ధి ఆగలేదు, ఆలయమును కదలలేదు.

పట్టణములందును ఈ మార్గమే మేలు. కేంద్రప్రభుత్వ రక్షణలోనున్న కట్టడములకు 1958 నాటి చట్టము కలదు. 2010 సవరణ ననుసరించి, వాని చుట్టు 100 మీటర్లలోపల క్రొత్త నిర్మాణములు నిషిద్ధములు. ఆపైన 200 మీటర్లవరకు అనుమతి పొందవలెను. కాని ఈ రక్షణలేని వీధిగుళ్లు, కోనేళ్లు, మండపములు లెక్కకు మిక్కిలి. పట్టణపు పటము గీయునాడే వీనిని రథవీధులతోసహా గుర్తించినచో, రాళ్లకు సంఖ్యలు వ్రాయవలసిన దినము రాదు. తరలించుట కడపటి చికిత్సయే గాని, మొదటి ఉపాయము కారాదు.