టోక్యోలో 3.5 అంటే మంచి హోటలే!

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలున్నాయి. అలాంటిచోట జాబ్ కొట్టారు, ట్రైనింగ్‌కి టోక్యో పంపారనుకోండి. నెలంతా కప్ నూడుల్స్‌తో నెట్టుకురావాలా? అక్కర్లేదు. జపాన్‌వాళ్లు చూసే ‘తబెలోగ్’ తెరవండి. అక్కడ రేటింగ్ ఇవ్వడంలో మహా పిసినారితనం. 5కి 3.5 దాటిందంటే మంచి హోటలే. మన ఫుడ్ యాప్‌ల అలవాటుతో 4 కోసం వెతికితే ఆకలితోనే తిరుగుతారు. మధ్యాహ్నం ఆఫీసువాళ్లు క్యూ కట్టిన చిన్న హోటల్ చూసుకోండి. రాత్రి భోజనం కంటే లంచ్ సెట్ చవక. శాకాహారులకో మాట: కూరగాయల సూప్‌లోనూ ‘దాషి’ ఉండొచ్చు. అది ఎక్కువగా ఎండుచేపతో కాచే రసం. ఆర్డరుకు ముందే అడగండి. మొహమాటపడితే పస్తే!