చేతిపట్టీ ఊడకూడదు

బిలాస్‌పూర్‌లో రైల్వే కొలువులకొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. సదర్ బజార్‌లోనో రైల్వే కాలనీలోనో ఉండే లక్ష్మి ఆసుపత్రిలో చేరితే, నర్సు ‘లక్ష్మి ఎవరు?’ అని పిలిచినప్పుడు వార్డులో ఇద్దరు పలకవచ్చు. అందుకే రోగిని కనీసం రెండు గుర్తులతో పోల్చుకోవాలనీ, గది నంబరు అందులో ఒకటి కాకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది. నా దృష్టిలో, ఆ గుర్తులు రాసి రోగి చేతికి కట్టే పట్టీ భద్రత బార్‌కోడ్ కన్నా ముందు దాని బిగింపులో ఉంది: ఒకసారి నొక్కాక కత్తిరిస్తే తప్ప ఊడకూడదు, ఇంకొకరి చేతికి మారకూడదు. రాత చెమటకీ స్పిరిట్‌కీ చెరగకూడదు.

ఇలాంటి పట్టీకి ఖర్చంటారు, కానీ రోగిని పొరబడి వేరే గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణమే పోవచ్చు. వివరాలు బయటపడతాయన్న భయం మాత్రం న్యాయమైనదే. పట్టీ మీద పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు చాలు, జబ్బు పేరు అక్కర్లేదు. మందిచ్చేముందు ఎవరూ పట్టీ చూడకపోతే, మీరే చెయ్యి చాపి చూపించండి.