పిడికిట్లో రక్ష!

పదునుండదు. మొనా ఉండదు. పిడికిలి మూస్తే దాదాపు కనిపించదు. అయినా ఆయుధమే! జపాన్‌ యుద్ధవిద్యల్లో వాడే ఈ చిన్న కర్రముక్క పేరు 'యవర'. పిడికిలికి రెండువైపులా బయటికొచ్చే కొసలే దీని బలం. చెయ్యి పట్టుకున్నవాడి మణికట్టు ఎముక మీద కొసతో నొక్కితే పట్టు సడలుతుంది.

అమెరికాలో స్థిరపడిన కరాటే గురువు తకయుకి కుబోటా ఇదే సూత్రంతో 'కుబోటాన్‌' రూపొందించారు. తాళంచెవులు తగిలించుకునే ఈ ప్లాస్టిక్‌ కడ్డీ పొడవు దాదాపు 14 సెంటీమీటర్లు. 1970ల్లో లాస్‌ఏంజెలెస్‌ మహిళా పోలీసులకు ఆయన దీంతో శిక్షణ ఇచ్చారు.

చెక్కతో చేసే యవరకి ఎంపికే కీలకం. జపాన్‌లో సాధన ఆయుధాలకు ఓక్‌ జాతికి చెందిన 'కషి' కలపను ఇష్టపడతారు. గట్టిగా ఉంటుంది, దెబ్బకు తట్టుకుంటుంది. ఏ కలపైనా బాగా ఆరాలి, పచ్చిది తర్వాత పగులుతుంది. చెక్కలోని గీతలు ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా సాగాలి. అవి ఏటవాలుగా ఉన్నా, మధ్యలో ముడి ఉన్నా అసలు సమయంలో విరిగి అరచేతికే గుచ్చుకోవచ్చు.

కొలత ఎవరి చేతికి వారిదే. పిడికిలి వెడల్పుకి అటూ ఇటూ అంగుళం చొప్పున కలిపితే చాలు. కొసలు గుండ్రంగా చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించాలి. నున్నటి వార్నిష్‌ వేస్తే చెమట చేతిలో జారిపోతుంది.

చిన్నదే కదా అని ఆటలాడకూడదు. తలకో గొంతుకో తగిలితే ప్రాణాపాయం. గురువు దగ్గరే సాధన చేయాలి. ఎందుకంటే ఇది కొట్టి గెలవడానికి కాదు... విడిపించుకుని బయటపడటానికి!