ధావళి, గొంగడి: ఉన్నికి నీటితో గల సంబంధం

మడి పాటించే ఇండ్లలో నూలుబట్టను తడిపి, ఆరవేసి కట్టుకొనే నియమం కలదు. వానకాలంలో అది ఆరనప్పుడు పెద్దలు ధావళి కట్టుకొనేవారు. ధావళి ఉన్నిబట్ట. మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో ఆ వానలోనే కురుమ సోదరుడు గొంగడిని కొప్పెరగా మడిచి తలపై వేసుకొని మందవెంట నడుస్తాడు. అదీ ఉన్నియే. ఒకటి దేవతార్చనకు, మరొకటి అడవికి ఉపయోగపడుతున్నవి. రెండింటికీ ఆధారం గొర్రె ఉన్నికి నీటితో గల విచిత్రమైన సంబంధం.

సంస్కృతంలో 'అవి' అనగా గొర్రె. దాని ఉన్నితో నేసినది ఆవికము. ఉన్నిపోగుపై సన్నని పొలుసులు ఇంటికప్పు పెంకుల వలె ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. వాటిపై పలుచని కొవ్వుపొర ఉంటుంది. గొర్రె చర్మం నుండి ఊరే మైనం దానికి తోడవుతుంది. అందువలన వానచినుకు గొంగడిలో వెంటనే ఇంకదు, జారిపోతుంది.

పోగు లోపలి స్వభావం ఇందుకు విరుద్ధం. అందులోని కెరాటిన్ అనే మాంసకృత్తు గాలిలోని నీటి ఆవిరిని ఆకర్షిస్తుంది. తన బరువులో సుమారు 30 శాతం తేమను గ్రహించినా ఉన్ని చేతికి తడిగా తోచదు. పైగా తేమను గ్రహించే వేళ కొద్దిపాటి వేడిని విడుస్తుంది. పోగులు వంకరలు తిరిగి ఉన్నందున వాటి నడుమ గాలి నిలిచి, శరీరపు వేడిని కాపాడుతుంది. తడిసిన నూలుబట్ట ఒంటికి అంటుకొని చలి పుట్టిస్తుంది. గొంగడి కొంత తడిసినా వెచ్చగానే ఉంటుంది. అయితే గంటల తరబడి జడివానలో నిలిస్తే అదీ నానుతుంది, బరువెక్కుతుంది, ఆరడానికి చాలా కాలం పడుతుంది.

గొంగడిని, కంబళాసనాన్ని ఉతకవచ్చునా అని భక్తులు అడుగుతుంటారు. ఉతకవచ్చును గాని పద్ధతి తెలియవలెను. వేడినీటిలో వేసి రుద్దితే పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని బట్ట ముడుచుకొనిపోతుంది; మరల సాగదు. సోడా వంటి ఘాటైన క్షారాలు పోగును తినివేస్తాయి. మనుస్మృతి ఐదవ అధ్యాయంలో ద్రవ్యశుద్ధి చెప్పుచు, కుతపములనే కంబళములకు కుంకుడుకాయను విధించారు. కుంకుడు నురుగు మురికిని తీస్తుంది, పోగును బాధించదు. చల్లని కుంకుడు నీటిలో కొంతసేపు నానవేసి, మెల్లగా ఒత్తి, మంచినీటితో జాడించవలెను. తడిసిన ఉన్ని బలహీనంగా ఉంటుంది గనుక మెలిపెట్టి పిండరాదు, తీగపై వ్రేలాడదీయరాదు. నీడలో పరచి ఆరనివ్వవలెను. మురికి పట్టనప్పుడు దులిపి గాలికి ఉంచితే చాలును.

ఆసనం కొనేటప్పుడు అది నిజమైన ఉన్నియేనా అని పరీక్షించండి. అంచునుండి ఒక పోగు తీసి, జాగ్రత్తగా నిప్పు చూపండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడియయ్యే మసి మిగులుతుంది. కృత్రిమపు నూలు కరిగి గట్టి ఉండ కడుతుంది.

ఈ జాగ్రత్తలు చెప్పడానికి మరొక కారణం కలదు. గొంగడికి ఉన్ని ఇచ్చేది మన నల్ల దక్కని గొర్రె. మాంసానికి పేరుపొందిన నెల్లూరు జాతి మందలలో చేరిన కొలది దాని స్థానం తగ్గుతున్నది. నెల్లూరు గొర్రె ఒంటిపై వెంట్రుకయే గాని ఉన్ని ఉండదు. ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగ్గంపై గొంగడి నేసే చేతులు కూడా అరుదవుతున్నవి. కొనేవారు లేనిదే ఆ విద్య నిలువదు. ఓదెల మల్లన్న సన్నిధికి వెళ్ళే భక్తులారా! మీ పూజాగదికి ఒక ఆసనమైనా కురుమ నేతగాని వద్ద కొనండి. ధావళికి మనమిచ్చే గౌరవం గొంగడికీ చెల్లవలెను, రెండూ ఆవికములే.